పిడికిలి ఎక్కడ బిగిసింది?

పదేళ్ల కిందటి మాట. ఎడమవైపు దవడ పన్ను ఒకటి నన్ను రాత్రిళ్లు కన్ను మూయనిచ్చేది కాదు. పళ్ల డాక్టరు దగ్గరికి పోతే అటూ ఇటూ తట్టి చూసి, పుచ్చేమీ కనబడటం లేదుగానీ తీసేస్తే పీడ పోతుందన్నాడు. తీయించుకున్నాను. నెల తిరిగిందో లేదో పక్క పన్ను అందుకుంది. దాన్ని కూడా వదిలించుకుందామని వరంగల్‌లో రైలెక్కాను. కాజీపేట దాటాక ఎదుటి సీట్లో పెద్దాయన నా మొహంలోకి చూసి అడిగాడు.

"ఎవలి మీద కోపం సారూ? ఎక్కినప్పటి సంది పండ్లు కొరుకుతనే ఉన్నరు."

ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆయన అన్నాక చూసుకుంటే నిజమే. పై పళ్లూ కింది పళ్లూ తాళం వేసినట్టు బిగుసుకుని ఉన్నాయి. నోరు కొంచెం వదులు చేశాను. చెవి కింద కండ ఒకటి, దూరం నుంచి మోసుకొచ్చిన బిందె దించినప్పటి చెయ్యిలా సన్నగా వణికింది. ఘన్‌పూర్ వచ్చేలోపు మళ్లీ బిగిసింది. మళ్లీ వదిలాను. రఘునాథపల్లిలో ఇంకోసారి. జనగామలో దిగి డాక్టరు దగ్గరికి పోకుండా నేరుగా ఇంటికి పోయాను. ఆ రెండో పన్ను ఇప్పటికీ నా నోట్లోనే ఉంది. మొదటిది పోయినందుకు మాత్రం ఇప్పటికీ బాధే.

అప్పట్లో నేను భూపాలపల్లిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. ఇల్లు జనగామ దగ్గరి పల్లె. అక్కను మానుకోట వైపు ఇచ్చారు. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారుగానీ మా నోట్లో అది మానుకోటే. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ మూడు జిల్లాలయ్యాయి. అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాలోవే. జనగామలో బోరు ఎండిపోతుందన్న బుగులు, మానుకోటలో మిర్చి మీద పెట్టిన అప్పు, భూపాలపల్లిలో బొగ్గు బాయి షిఫ్టులు. ఈ మూడింటి మధ్య తిరిగే మనిషికి దవడ బిగుసుకోవడంలో వింతేమీ లేదు.

పుస్తకాల్లో దీన్ని ఒత్తిడి అంటారు. మా దగ్గర రంది అంటారు. "రంది పెట్టుకోకు బిడ్డా" అనని ఇల్లు ఉండదు. కానీ డాక్టరు దగ్గరికి పోయి నాకు రంది ఉంది అని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నెత్తి నొస్తున్నది, గుండెల దడదడ అంటున్నది, కడుపుల మంట, నరాలు గుంజుతున్నయి, పానం మంచిగ లేదు, ఇట్లా చెబుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ సీసా ఎక్కిస్తాడు. మర్నాటికి కొంచెం తేలికవుతుంది. ఆ సీసాలో మహిమ ఉందో లేదోగానీ, ఫ్యాను కింద గంటసేపు వెల్లకిలా పడుకోవడం, ఆ గంటసేపూ ఎవరూ పని చెప్పకపోవడం మటుకు ఉన్నాయి. మా అక్కలాంటి ఆడవాళ్లకు ఏడాది మొత్తంలో దొరికే విశ్రాంతి అదొక్కటేనేమో అని నా అనుమానం.

ఇంతకీ ఒంట్లో జరిగేదేమిటి? దొడ్లో ఎద్దు కొమ్ము విసిరిందనుకోండి. మీరు ఆలోచించకముందే పక్కకు దూకుతారు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది, కండలు బిగుస్తాయి, నోరు ఎండుతుంది, తిన్నది అరగడం ఆగుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అన్నం అరుగుదల ఎవరికి కావాలి? వెనకనే కార్టిజాల్ అనే ఇంకో రసం వచ్చి ఈ ఏర్పాటును కొంతసేపు నిలబెడుతుంది. అమెరికాలో వాల్టర్ కానన్ అనే ఆయన 1915లోనే దీని గురించి పుస్తకం రాశాడు. ఎద్దును కట్టేశాక కాసేపటికి అన్నీ సద్దుమణుగుతాయి.

అప్పు అట్లా కాదు. దాని కొమ్ములు కనిపించవు, కట్టేద్దామంటే దానికి పలుపు లేదు. ఒళ్లు మాత్రం ఎద్దుకు సిద్ధమైనట్టే రోజూ సిద్ధమవుతుంది. నెలల తరబడి అలా ఉంటే బీపీ పైనే ఉండిపోతుంది, షుగరున్నవాళ్లకు షుగరు దిగదు, కడుపు మండుతుంది, రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మెడ, నడుము, దవడ పట్టేస్తాయి. ఆడపిల్లలకు నెలసరి తప్పొచ్చు. మాంట్రియల్‌లో హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల్లో ఒక సంగతి గమనించి ప్రకటించాడు. చలి పెట్టినా, గాయం చేసినా, విషం ఎక్కించినా, బాధ ఏదైనా లోపల కనిపించే నష్టం ఒకే తీరుగా ఉంది. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. తర్వాత ఆయన దీనికి వాడిన స్ట్రెస్ అనే మాట, ఇనుప దూలాల మీద పడే బరువు గురించి ఇంజినీర్లు మాట్లాడుకునే మాట.

బరువు సంగతి భూపాలపల్లి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అక్కడ సింగరేణి వాళ్ల కేటీకే గనులున్నాయి. కేటీకే అంటే కాకతీయ ఖని. కార్మికులు మాత్రం బాయి అనే అంటారు: బాయికి పోతున్న, బాయి దిగిన, బాయి ఎక్కిన. పాతకాలం బాయిల్లో పైకప్పుకు ఆసరాగా కర్ర దుంగలు నిలబెట్టేవారు. కర్రకొక గుణముంది. పైన బరువు పడుతుంటే కిర్రుమని చప్పుడు చేసి, తర్వాతే విరుగుతుంది. ఆ చప్పుడు విన్నవాడు పక్కకు జరుగుతాడు. ఒంట్లోనూ అలాంటి కిర్రులున్నాయి. నాకు దవడ. కొందరికి భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. కొందరు బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తారు, తెలియకుండానే. ఊపిరి కడుపు దాకా దిగదు, గొంతు కిందనే తచ్చాడుతుంది. ఇంట్లో పిల్లవాడు చెంబు కింద పడేస్తే చెంబు విలువకు మించిన దెబ్బ పడుతుంది.

కాబట్టి మొదటి సాధన ఇదే, దీనికి చాప కూడా అక్కర్లేదు. రోజుకు మూడుసార్లు మిమ్మల్ని మీరు అడగండి: పిడికిలి ఎక్కడ బిగిసింది? పొద్దున చాయ్ తాగేటప్పుడు, మధ్యాహ్నం సద్ది విప్పేటప్పుడు, రాత్రి తలుపు గడియ పెట్టేటప్పుడు. జవాబు దొరికినచోట వదిలేయండి. పెదవులు మూసి ఉన్నా పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. దవడకు అదే విశ్రాంతి.

ఇక అసలు సాధన. దాన్ని మా బావ సంగతితో చెబుతాను.

2021-22 మిర్చి పంట మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? అంతకుముందు మన రైతులు చూసిన తామర పురుగు కాదది. పూతలోకి దూరి గోకి తినేది, పూతంతా రాలిపోయేది. మానుకోట వైపు తోటలకు తోటలు దున్నేసుకున్నారు. బావ దున్నలేదు, మందు కొట్టాడు. రెండు రోజులకు ఇంకో మందు. దుకాణంలో ఎవరో చెబితే మూడు మందులు కలిపి ఇంకోసారి. అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ రాత్రి లేచి టార్చ్ లైట్ పట్టుకొని చేన్ల తిరుగుతుండు" అంది. పోయి చూశాను. మనిషి సగమయ్యాడు. కండ్లు ఎర్రగా, మాట గబగబా. మందుల చీటీలు ముందేసుకుని లెక్క చూద్దామంటే రెండు అంకెలు కూడలేకపోయాడు. తరతరాల లెక్కలు నోటితో చెప్పగలిగిన మనిషి!

భయంలో ఉన్న బుర్ర తీరే అంత. ఎద్దు ఎదురుగా ఉన్నప్పుడు ఎద్దు తప్ప ఏమీ కనబడకూడదు, అది మంచిదే. కానీ ఆ చూపుతోనే బ్యాంకు లెక్కలు చూస్తే, మందు దుకాణానికి పోతే, పంట నష్టం మీద ఇంకో నష్టం చేరుతుంది. ఒక మాట తేల్చి చెబుతాను. ఊపిరి సాధనతో తామర పురుగు చావదు, వడ్డీ తగ్గదు. వ్యక్తిత్వ వికాసం పేరుతో అలా చెప్పేవాళ్లను నమ్మకండి. ఒంటిని వదులు చేసుకునేది కష్టాన్ని మరవడానికి కాదు, నాలుగో మందు కొనాలా వద్దా అని కుదురుగా ఆలోచించడానికి.

ఆ రాత్రి ఆరుబయట మంచం మీద బావను వెల్లకిలా పడుకోమని, ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు పద్ధతి చెప్పాను. ఆయన 1929లో దీని మీద పెద్ద పుస్తకం వేశాడు. కండను వదులు చెయ్యమంటే ఎవరికీ చేతకాదు. ముందు బిగించమంటే అందరికీ చేతనవుతుంది. బిగించి వదిలినప్పుడు తేడా తెలుస్తుంది, ఆ తేడా వెంబడి పోతే ఇంకొంచెం వదులవుతుంది. కిటుకంతా ఇదే.

పాదాలతో మొదలుపెట్టాలి. వేళ్లను లోపలికి ముడిచి, అరికాళ్లను బిగించి, మనసులో ఐదు లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేయాలి. మెల్లమెల్లగా కాదు, చేతిలోంచి మూట జారినట్టు వదలాలి. తర్వాత ఇరవై లెక్కపెట్టేదాకా ఏమీ చేయకుండా ఆ పాదాల్లోనే మనసు పెట్టాలి. వెచ్చగా, కొంచెం బరువుగా అనిపిస్తుంది. తర్వాత పిక్కలు, తర్వాత తొడలు, పిరుదులు, కడుపు. అటుపైన పిడికిళ్లు, మోచేతులు మడిచి దండలు. భుజాలను చెవుల దాకా లేపి వదలాలి. చివరికి దవడ, కండ్లు, నుదురు. బిగించేటప్పుడు సగం బలమే చాలు. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లయితే అసలే వద్దు. పిక్క పట్టేసే అలవాటున్నవాళ్లు అక్కడ బిగించకుండా దాటేయొచ్చు. పాత దెబ్బ ఉన్నచోటా అంతే. అంతా కలిపి పావుగంట. రెండు మూడు వారాలు రోజూ చేస్తే, బిగించకుండానే వదలడం ఒంటికి తెలుస్తుంది.

జేకబ్సన్‌కు ఈ దారి తోచింది చప్పుళ్ల వల్ల. హార్వర్డ్‌లో చదివే రోజుల్లో, ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే మనిషి ఎందుకు ఉలిక్కిపడతాడని పరీక్షలు చేస్తూ, ఒళ్లు పూర్తిగా వదిలేసినవాళ్లు ఉలిక్కిపడటం లేదని గమనించాడు. భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ దగ్గర బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీ అద్దాలతో పాటు అదిరిపడే నాకు ఆ సంగతి చదివినప్పుడు కొంచెం ఈర్ష్య కలిగింది.

ఊపిరి సంగతి దీనికంటే తేలిక. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. పీల్చే ఊపిరితో గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలే ఊపిరితో నెమ్మదిస్తుంది. వదిలేది పొడుగైతే గుండెకు నెమ్మదే ఎక్కువ దక్కుతుంది. లెక్క సరిగా కుదిరితే నిమిషానికి ఆరు ఊపిరులు. ఈ ఆరు వెనుక ఒక ముచ్చట ఉంది. 2001లో బెర్నార్డి అనే ఇటలీ డాక్టరు, ఆయన తోటివాళ్లు ఇరవై ముగ్గురి చేత ఒకసారి లాటిన్‌లో జపమాల ప్రార్థన, ఒకసారి బౌద్ధుల మంత్రం చదివించి చూశారు. మతాలు వేరు, భాషలు వేరు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికే వచ్చింది, రక్తపోటును సర్దుబాటు చేసే ఏర్పాటు చురుగ్గా పనిచేసింది. దాన్ని చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. తలుపు దగ్గర పీట మీద కూర్చుని పెదవులు కదిలీ కదలకుండా రామనామం చెప్పుకునేది. తొమ్మిది రోజుల బతుకమ్మ కూడా గుర్తొచ్చింది. ఒకామె అందుకుంటుంది, మిగతా వాళ్లు ఉయ్యాలో అని దీర్ఘం తీస్తారు. ఆ దీర్ఘమంతా వదిలే ఊపిరే కదా. చప్పట్లు, గుండ్రంగా అడుగులు, పొడుగాటి ఊపిరి. ఏడాదికి తొమ్మిది రోజులే ఎందుకు చేస్తారో నాకైతే అర్థం కాదు.

మా అక్కకు పావుగంట కుదరదు. మిర్చి ఏరుడు మొదలైందంటే పొద్దున కూలోళ్లను పిలవాలి, చేన్లో వాళ్లతో సమానంగా ఏరాలి, సాయంత్రం కల్లంలో కాయ ఆరబోయాలి, తాలు కాయ వేరు చేయాలి. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని అన్నం వండాలి. ఖాళీగా కూర్చుంటే నామోషీ అనుకునే మనిషి. ఆమెకు నేను చెప్పింది ఒక్కటే. అన్నం ఉడికేటప్పుడు పొయ్యి ముందు ఎట్లాగూ నిలబడతావు, ఆ కాసేపు భుజాలు కిందికి జార్చి ఊపిరి పొడుగ్గా వదులు. కొత్తగా సమయం దొరకనివాళ్లు చేసే పనికే దీన్ని ముడి వేసుకోవాలి. "గంజి వంచేదాక జేస్త, తర్వాత నాతోని కాదు" అంది. చాలు.

జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవుళ్ల బొమ్మలు తేల్చే పనివాళ్లుంటారు. ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సుత్తితో కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే పగులుతుంది. అందుకే మధ్యలో రేకును కాల్చి చల్లార్చి మెత్తబరిచి, మళ్లీ కొట్టాలి. మా ఊళ్లలో పనిమంతులని పేరున్నవాళ్లకు ఈ మధ్యలో కాల్చుకోవడం ఉండదు. దెబ్బ మీద దెబ్బే. సెలవు మానుకుని ఆదివారాలు కూడా ప్లేడే డ్యూటీలు చేసి డబుల్ మస్టర్, అంటే రెట్టింపు కూలి, వచ్చిందని సంబరపడే సింగరేణి మిత్రులకు నేను చెప్పే మాట కూడా ఇదే. వినరనుకోండి.

నైట్ షిఫ్టు వాళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాని లోపలి పని తీరు కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఆ గడియారానికి తాళం చెవి వెలుతురు. రాత్రంతా బాయిలోనో, చెల్పూరు కరెంటు ప్లాంటులోనో పనిచేసి పొద్దున ఎండలో బండి నడుపుకుంటూ వస్తే, తెల్లారింది లెమ్మని గడియారం చెబుతుంది. మనమేమో పడుకుందామంటాం. అందుకని దారిలో నల్లద్దాలు పెట్టుకోండి. అయితే కునికిపాట్లు వస్తుంటే బండి మాత్రం నడపొద్దు. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టండి. రాత్రి రెండు దాటాక చాయ్ ముట్టొద్దు. చాయ్‌లోని కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటలదాకా పడుతుంది. పడుకునే ముందు వెచ్చటి నీళ్లతో స్నానం, పాదాల నుంచి బిగించి వదలడం. అన్నిటికంటే కష్టమైంది ఇంట్లోవాళ్లతో ఒప్పందం. అర్ధరాత్రి మనిషిని లేపాలంటే అందరూ వెనకాడతారుగానీ, పగలు పడుకున్నవాణ్ణి లేపడం మన దగ్గర తప్పు కాదు. చిట్టీల వాళ్లు, పెళ్లి పత్రికల వాళ్లు, గ్యాస్ బండి, అందరూ పదకొండు గంటలకే వస్తారు. ఫోన్ ఇంటామె చేతికిచ్చి పడుకోవాలి.

షిఫ్టు దిగాక ఒక క్వార్టర్ వేస్తే నిద్ర పడుతుందంటారు. పడుతుంది, నిజమే. కానీ రెండో సగం నిద్రను అదే చెడగొడుతుంది, కలత నిద్ర, పదేపదే మెలకువలు. కల్లుదీ అదే కథ.

వరద చూసినవాళ్ల సంగతి వేరు. 2023 జూలై 27న తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి పక్కన మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లొచ్చి కాపాడాయి. మరుసటేడు సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అలాంటి రాత్రి చూసినవాళ్లకు, ఏడాది తర్వాత రేకుల మీద వాన చప్పుడైనా గుండె దడదడమంటుంది. వాళ్లను కండ్లు మూసుకుని విశ్రాంతి తీసుకొమ్మని చెప్పొద్దు. కండ్లు మూస్తే నీళ్లే కనిపించొచ్చు. కండ్లు తెరిచే ఉండాలి. అరికాళ్లు నేలకు ఆనించి, కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే బయటికి చెప్పాలి: దీపం, గోడ, క్యాలెండర్, బిడ్డ చెప్పులు. నేను ఇంట్లో ఉన్నాను, నేల పొడిగా ఉంది అని ఒంటికి తెలిశాక ఊపిరి సాధన.

వీటితో తీరనివి కొన్ని ఉన్నాయి. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే అది గ్యాసూ కాదు, రందీ కాదు అనుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. సోడా తాగి చూద్దామని ఆగొద్దు. బీపీ, షుగర్ గోలీలు వాడేవాళ్లు సాధన చేస్తున్నామని వాటిని మానొద్దు. రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు పోకపోయినా, బతకడం ఎందుకనిపించినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరిది. పైసా ఖర్చుండదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. మన దేశంలో మానసిక బాధలున్నవాళ్లలో ఎక్కువమంది ఏ వైద్యమూ అందకుండానే ఉండిపోతున్నారని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. అందులో సిగ్గుపడి ఆగిపోయినవాళ్లూ ఉంటారు.

బావ ఆ ఏడు నాలుగో మందు కొనలేదు. పొద్దున్నే లేచి, చీటీలన్నీ కూడి, తోట దున్నేసి మక్క వేశాడు. అప్పు తీరడానికి ఇంకా రెండు పంటలు పట్టింది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు, ఇంకా చేస్తున్నావా బావా అని అడిగాను.

"చేస్తున్న. గని దవడ కాడికి వచ్చినంక ఏం జెయ్యాల్నో ఇంకోసారి జెప్పు. ఎన్నడు గాడిదాక పోలే. తొడల కాన్నే నిద్ర పడుతున్నది."